ఒంటి చేతి దుర్భిణి

జాలరిపేటలో స్రాంగు దాలయ్య ఎవరో తెలియదని ఎవరైనా అంటే, ఆ మనిషి నిన్ననే రైలు దిగి ఉండాలి. స్రాంగు అంటే ఇంజను పడవకు పెద్ద. చుక్కాని అతని చేతిలో ఉంటుంది. పడవలో ఆరుగురి ప్రాణాలూ, ఒడ్డున ఆరిళ్ల పొయ్యిలూ ఆ చేతినే నమ్ముకుని ఉంటాయి. విశాఖపట్నంలో కొత్త చేపలరేవు కట్టి ఇంజను పడవలు దింపిన రోజు నుంచీ దాలయ్య స్రాంగే. అంతకు ముందు తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. అప్పుడైనా ఇప్పుడైనా దాలయ్య పేరు చెప్పగానే జనం ముందుగా ఎత్తుకునేది అతని చూపు సంగతే.

సముద్రం మీద రోడ్లుండవు, మైలురాళ్లుండవు. ఒడ్డున కనిపించే కొండలే గుర్తులు. యారాడ కొండ మీద లైట్‌హౌసు ఉందా, దాని వెనక ఎక్కడో దూరాన సింహాచలం కొండ ఉంది. పడవ నడుస్తున్నకొద్దీ ఆ రెండూ ఒకదానివైపు ఒకటి జరుగుతూ వస్తాయి. సీసం గుండు కట్టిన తాడుతో లోతు చూసుకుంటూ పోయి, సింహాచలం కొండ మీది నొక్కు సరిగ్గా లైట్‌హౌసు నెత్తిన కూర్చున్న క్షణాన ఇంజను ఆపాలి. ఆ నీళ్ల అడుగున ఒక రాతిగుట్ట ఉంది. దాని చుట్టూ కోనెం చేపలు తిరునాళ్లకు వచ్చినట్టు తిరుగుతుంటాయి. నాలుగు బారలు ఇటు తప్పితే చేప ఉండదు, నాలుగు బారలు అటు తప్పితే వల ఉండదు, రాతికి చిక్కి పీలికలైపోతుంది. దాలయ్య ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, నోట్లో బీడీ ఆరిపోకుండా, ఉత్త కళ్లతో చూసి "ఆపండ్రా" అనేవాడు. ఇన్నేళ్లలో ఒక్కనాడు తప్పలేదు. అబ్బ, ఏం చూపండీ అది!

అలాంటి దాలయ్య పంతొమ్మిది వందల ఎనభై రెండులో దసరా వెళ్లాక రెండుసార్లు వల చింపుకొచ్చాడు. మూడోసారి వల బాగానే ఉంది గానీ అందులో చేప లేదు. నీటివాలు మారిపోయిందన్నాడు. ఇంజను సరిగా పలకలేదన్నాడు. పడవ సొంతదారు జగ్గారావు చెడ్డవాడేం కాదు, మాట తూలే రకమూ కాదు. రేవులో నలుగురూ లేనప్పుడు చూసి మెల్లగా చెప్పాడు.

"ఈ అమాస ఎల్లనీ దాలయ్యా. ఇంకొక్కపాలి సూత్తాను. అప్పుడూ ఇలగే అయితే సుక్కాని మా తమ్ముడి అల్లుడికి ఇచ్చేత్తాను. నువ్వు పడవలోనే ఉండు, వల లాగు. నిన్ను ఒగ్గీను."

వల లాగమన్నాడు! పాతికేళ్ల కుర్రాడు చుక్కాని దగ్గర కూర్చుని కేకలేస్తుంటే దాలయ్య తాడు పట్టుకుని లాగాలట. ఆ మాట విని దాలయ్య ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం ముట్టకుండానే చేయి కడిగేసుకున్నాడు.

అతని భార్య అప్పాయమ్మ ఏమీ అడగలేదు. రేవులో చేపలు కొని తట్ట నెత్తిన పెట్టుకుని వన్‌టౌను వీధులన్నీ తిరిగి అమ్మే మనిషి. రేవులో గుసగుసలాడితే ఆమె చెవిన పడకుండా పోతుందా? ఆమెకు జగ్గారావు మాటా తెలుసు, అంతకంటే ముఖ్యమైన మాటా తెలుసు. నీటివాలూ మారలేదు, ఇంజనూ చెడలేదు. మారింది దాలయ్య కళ్లు.

అది ఆమెకు తెలిసిన తీరు ఇదీ. వారం కిందట వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. దాలయ్య ఎదురుగా వస్తున్నాడు. పట్టపగలు. పది బారల దూరం కూడా లేదు. దగ్గరికొచ్చి, "ఎవులమ్మా, కుంచెం దారియ్యి," అన్నాడు. కట్టుకున్న పెళ్లాంతో! మరెవరైనా అయితే నవ్వేసేవారు. అప్పాయమ్మ గబగబా పక్కకు జరిగి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. తనని గుర్తుపట్టలేదన్న సంగతి అతనికి తెలియకూడదని.

నాలుగు రోజులాగి మంచి మాటగానే కదిపి చూసింది. "మావా, ఓపాలి పెద్దాసుపత్రికెల్లి కళ్లు సూపించుకుంటే పోద్దేమో."

అంతే, ఇంతెత్తున లేచాడు. "నా కళ్లకేటైందే? కళ్లజోడెట్టుకున్న స్రాంగుని ఏ రేవులోనైనా సూసేవా నువ్వు? కళాసీలు నా ఎనకాల నవ్వుకోరా? ఉప్పునీళ్లు ఓపాలి మీద పడితే అద్దాలకి సున్నం కొట్టినట్టుంటాది. అప్పుడేటి సూడాల నాను, నా మొహం?"

కోపంలో అన్నా ఆ మాటలో నిజముంది. అప్పాయమ్మకు అదే నచ్చేది మొగుడిలో. ఎంత గింజుకున్నా సముద్రం గురించి మాత్రం అబద్ధం చెప్పడు.

ఆమెకు దారి చూపించింది ఒక పైలట్ దొర. పైలటంటే బయట లంగరేసిన పెద్ద ఓడల్ని పోర్టు లోపలికి తీసుకొచ్చే ఆఫీసరు. ఒక ఉదయం పైలట్ లాంచీ రేవు ముందు నుంచి పోతుంటే అప్పాయమ్మ చూసింది. ఆ దొర ముక్కు మీద సోడాబుడ్డి కళ్లజోడు ఉంది, మెడలో నల్లటి దుర్భిణి వేలాడుతోంది. లాంచీలో వాళ్లంతా అతను ఎటు చూస్తే అటు పరుగెడుతున్నారు. కళ్లజోడు చూసి ఒక్కడూ నవ్వడం లేదు. అందరి చూపూ ఆ దుర్భిణి మీదే ఉంది.

"ఓలమ్మో," అనుకుంది అప్పాయమ్మ. "కళ్లజోడెట్టుకుంటే గుడ్డోడు. దుర్భిణెట్టుకుంటే కెప్టెను!"

ఇంకేముంది, తట్ట పక్కన పడేసి తిన్నగా వన్‌టౌను మెయిన్‌రోడ్డులో గవర్రాజు కొట్టుకు వెళ్లింది. గవర్రాజుది కాకినాడ వైపు. పోర్టులో పని వెతుక్కుంటూ వచ్చి, పని దొరక్క, ఓడల వాళ్లు దిగి అమ్ముకునే ఫారిన్ సరుకు కొని అమ్మడం మొదలుపెట్టాడు. టేపురికార్డర్లు, మడత గొడుగులు, సెంటు సీసాలు. గాజువాక అవతల స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాక ఊళ్లోకి దిగిన ఇంజనీర్ల పుణ్యమా అని కొట్టు కళకళలాడుతోంది. వాళ్లింటికి వారం వారం చేపలు వేసేది అప్పాయమ్మే కాబట్టి మొహమాటం లేదు.

"నీకెందుకమ్మా దుర్భిణి? సర్కస్ చూస్తావా?" అన్నాడు గవర్రాజు మందపాటి కళ్లజోడు తుడుచుకుంటూ.

"సముద్రంలో సేపలు లెక్కెట్టడానికి. నీకెందుకు బావూ, తీసి సూపించు."

గవర్రాజు నాలుగు బయట పెట్టాడు. అందులో ఒకటి చంటిపిల్లంత ఉంది. "ఇది చూడు, యుద్ధనౌకలో వాడే రకం," అని గొప్పగా చేతికిచ్చాడు. అప్పాయమ్మ దాన్ని కుడిచేత్తో ఎత్తి కళ్ల దగ్గర పెట్టుకుని, ఎడమచేత్తో గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపల నూట పాతిక లెక్కపెట్టేసరికి కుడిచెయ్యి వణికిపోయింది.

"ఇది ఒద్దు. తీసీ."

"రెండు చేతులతో పట్టుకోవాలమ్మా దాన్ని!"

"రెండో సెయ్యి కాళీ ఉండదు బావూ," అంది ఆమె. చుక్కాని ఎవరు పట్టుకుంటారు మరి? ఆ ముక్క మాత్రం పైకి అనలేదు.

మిగిలిన మూడూ గుప్పెట్లో పట్టేంత చిన్నవి. ఒకటి బంగారు రంగు అంచులతో తళతళలాడుతోంది. అది పన్నెండు రెట్లు దగ్గర చేసి చూపిస్తుందని గవర్రాజు చెప్పాడు. ఇంకొకటి కొత్తది, తోలు సంచీతో సహా ఉంది. మూడోది పాతది. అంచుల్లో నల్లరంగు పోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. "అది ఎనిమిది రెట్లే. ఎవరో ముసలి ఓడాఫీసరు అమ్మేసి పోయాడు. లెక్కలోకి తీసుకోకు," అన్నాడు.

అప్పాయమ్మ గుమ్మంలో నిలబడి పన్నెండు రెట్లది కళ్లకు పెట్టుకుంది. కొండ మీది చర్చి ఎగిరొచ్చి ముక్కు ముందు వాలింది. శిలువ మీద పావురం. పావురం మెడ మీద పచ్చటి మెరుపు! చాలు, ఇదే అనుకుని రొంటిన దోపుకున్న సంచీ మీదికి చెయ్యి పోనిచ్చింది కూడా. అప్పుడే ఇనప రాయి మోసుకుపోయే లారీ ఒకటి గుంతలో పడి దడదడమంటూ పోయింది. కాళ్ల కింద నేల కాస్త అదిరింది. అంతే, పావురమూ లేదు, శిలువా లేదు, చర్చే లేదు. ఉత్త ఆకాశం.

దుర్భిణి దించి ఆలోచనలో పడింది. ఎంత తెలివితక్కువ పని చెయ్యబోయిందో తెలిసి తన మీద తనకే కోపం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉప్పునీళ్ల పక్కన బతికిన మనిషి, పడవ మీద వాడాల్సిన వస్తువుని సిమెంటు గచ్చు మీద నిలబడి ఎంచుకోబోయింది!

"కొట్టు మూసీ బావూ," అంది. "ఫెర్రీ ఎక్కుదుం, పద."

"ఫెర్రీనా? ఎందుకు?"

"సముద్రం నీ కొట్లోకి రాదు గదా. మనవే ఎల్లాల."

వేటపడవ మీద ఆడది కాలు పెట్టకూడదని వాళ్లలో పట్టింపు. అందుకని తన మొగుడి పడవను ఆమె ఒడ్డునుంచి తడిమి చూడ్డమే గానీ ఒక్కనాడు ఎక్కి ఎరగదు. పోర్టు కాలవ మీద జనాన్ని అటూ ఇటూ దాటించే ఫెర్రీకి ఆ పట్టింపు లేదు. అదీగాక ఆమెకు గవర్రాజుతో ఇంకో పని ఉంది. అతని మందపాటి కళ్లజోడు చూసిన క్షణమే ఆ పని ఆమె మనసులో పడింది.

గవర్రాజు గొణుక్కుంటూనే బయల్దేరాడు. "గోదావరి ఈదినవాణ్ణమ్మా నేను, నాకు నీళ్లంటే భయమేమిటి?" అని దారి పొడుగునా అన్నవాడు, ఫెర్రీ కదలగానే రెండు చేతులా బల్ల పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పాయమ్మ పడవ ముందుకు వెళ్లి సముద్రం వైపు తిరిగి నిలబడింది. బయట, పోర్టులోకి తమ వంతు కోసం రెండు ఓడలు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. ఆమెకు కావలసింది అదే.

"అటు తిప్పకే తల్లీ!" గవర్రాజు ఉలిక్కిపడి లేచాడు. "అటు నేవీ వాళ్ల ఓడలున్నాయి. దుర్భిణితో చూస్తే గూఢచారులనుకుని ఇద్దర్నీ లోపలేస్తారు. నాకు పిల్లలున్నారమ్మా!"

"నాను సముద్రం కేసే సూత్తన్నాను. నువ్వు కూకో, పడిపోగలవు."

ఇంతలో ఓడల్ని లాగే టగ్గు ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. దాని అల తగిలి ఫెర్రీ ఊగడం మొదలుపెట్టింది. గవర్రాజు రాముణ్ణి తలచుకున్నాడు. అప్పాయమ్మ సంబరంగా బంగారు అంచులది కళ్లకు పెట్టుకుంది. ఓడ పెద్దగానే కనబడుతోంది గానీ గాలిపటంలా ఎగిరెగిరి పడుతోంది. పోనీ కదా అని ఓపిక పడితే ఇంకో చిక్కు. ఒక ఓడ కనబడితే రెండోది కనబడదు. రెండోదాని కోసం తిప్పితే మొదటిది పోయింది. లైట్‌హౌసూ కొండా రెండూ ఒక్క చూపులో ఉంటేనే కదా ఒకదాని మీదికి ఒకటి రావడం తెలిసేది! విడివిడిగా ఎంత పెద్దగా కనబడితే మాత్రం ఏం చేసుకుంటాడు దాలయ్య?

తోలు సంచీలోది తీసింది. ఓడలు రెండూ ఒద్దికగా వచ్చి కూర్చున్నాయి. "బాగుంది," అనబోయి ఆగింది. ముందున్న ఓడకు తెరచాప కొయ్యలాంటి స్తంభం ఒకటి ఉండాలి. రెండున్నాయి. దుర్భిణి దించి ఉత్త కళ్లతో చూసింది. ఒకటే. మళ్లీ పెట్టుకుంది. రెండు. కాసేపటికి కణతలు లాగడం మొదలైంది.

"దీని రెండు కళ్లకీ పడట్లేదు బావూ. ఒకటి అటూ ఒకటి ఇటూ సూత్తంది. ఎవులో కింద పడేసుంటారు."

గవర్రాజు తెల్లబోయాడు. అది నిజంగానే కొట్టులో బల్ల మీంచి ఒకసారి పడింది. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు. సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చివరికి పాతది చేతిలోకి తీసుకుంది. దాని అద్దం మీద వెలుగు పడితే చంకీ రాయిలా మెరవడం లేదు, లోతుగా ఊదారంగు తేలుతోంది. కళ్లకు పెట్టుకుంది. ఓడలు రెండూ, వాటి పక్కన ఇంకాస్త సముద్రం, పైన ఇంకాస్త ఆకాశం. ఫెర్రీ ఊగుతూనే ఉంది. ఓడలు మాత్రం నెమ్మదిగా, ఉయ్యాలలో పిల్లల్లా ఊగుతున్నాయి గానీ చూపు దాటి పోవడం లేదు. ఎడమ చెయ్యి వదిలేసింది. కుడిచేతి వేలు నడిమి మర మీదికి దానంతట అదే వెళ్లింది. నూట పాతిక లెక్కపెట్టింది. మళ్లీ నూట పాతిక. చెయ్యి వణకలేదు.

"ఇప్పుడు నువ్వు సూడు," అంది గవర్రాజుతో. "కళ్లజోడు తీసేసి."

"కళ్లజోడు తీస్తే నా చెయ్యే నాకు కనబడదమ్మా!"

"అందుకే తీయమన్నాను."

గవర్రాజు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. లోకమంతా పొగమంచైపోయింది. ముందు బంగారు అంచులది ఇచ్చింది. మర చివరికంటా తిప్పినా పొగమంచు పొగమంచులాగే ఉంది. తర్వాత పాతది ఇచ్చింది. మర తిప్పాడు. ఇంకొంచెం తిప్పాడు. ఎడమకంటికి ఓడ తేటపడింది, కుడికంటికి ఇంకా మసకే. "కుడికంటి కాడ వేరే కట్టు ఉంది, అది తిప్పు," అందామె. చూస్తూ చూస్తూనే దాని కీలు మొత్తం కనిపెట్టేసింది మరి. గవర్రాజు ఆ కట్టు తిప్పాడు. ఉన్నట్టుండి నోరు తెరుచుకున్నాడు.

"జెండా... ఓడ మీద జెండా అమ్మా! ఎరుపూ తెలుపూ! కళ్లజోడు లేకుండా!" పదేళ్లుగా దుర్భిణులు అమ్ముతున్నాడు. ఒక్కసారైనా కళ్లజోడు తీసి చూద్దామని అతనికి తోచలేదు. దుర్భిణి దించి, పక్కన మసకమసకగా ఉన్న ఆ ఆడమనిషి కేసి తిరిగాడు. ఒంటి చేత్తో పట్టుకోవడం, రెండు ఓడలు ఒక్కచూపులో చూడటం, చూపు ఆననివాడి చేత చూపించడం. ఒక్కొక్కటే కూడబలుక్కుంటే అతనికి విషయమంతా బోధపడింది. దాలయ్య పేరు విననివాడా ఏమిటి?

అతని ముఖంలో మార్పు చూసి అప్పాయమ్మ బిక్కచచ్చిపోయింది. "బావూ, నీకు దండమెడతాను. ఈ సంగతి రేవులో..."

"ఏ సంగతమ్మా?" అన్నాడు గవర్రాజు. "నేనేమీ చూళ్లేదు. నా కళ్లజోడు జేబులో ఉంది."

మనిషి మాటకారేమో గానీ, మనసున్నవాడు. ఆ రోజు దుర్భిణి కొనడానికి ఆమె ఎంతిచ్చిందన్నది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గవర్రాజు మాత్రం తర్వాత కొట్టుకు ఎవరొచ్చి దుర్భిణి అడిగినా, ఇంజనీరైనా సరే, వీధి మధ్యలోకి పంపించి ఒంటికాలి మీద నిలబడి చూడమనేవాడు.

అప్పాయమ్మ ఇంటికొచ్చి పాత వల నూలుతో మెడ తాడు పేనింది. దుర్భిణి దానికి కట్టి దాలయ్య ముందు పెట్టింది.

"ఇదేటి?"

"జగ్గారావు బావు పడవకి కెప్టెనున్నాడని నలుగురికీ తెలియాల గదా. పైలట్ దొరకుంది, నీకెందుకుండకూడదు?"

దాలయ్య దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. "డబ్బులెక్కువయ్యేయేటి నీకు?" అని విసుక్కుని అటు తిరిగి పడుకున్నాడు. కళ్ల మాట ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె నీళ్లకు వెళుతూ ఒడ్డున ఇసక కేసి తొంగి చూసింది. దాలయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. దుర్భిణి యారాడ కొండ వైపు ఎత్తి ఉంది. నడిమి మర తిప్పాడు, కుడికంటి కట్టు తిప్పాడు, అటూ ఇటూ సర్దాడు. ఉన్నట్టుండి కదలడం మానేశాడు. ఎంతసేపు అలా నిలబడ్డాడంటే, ఆమె బిందె చంక మార్చుకుంది. తర్వాత తలగుడ్డ విప్పి కళ్లు ఒత్తుకున్నాడు. ఇంటికొచ్చి ఒకే ఒక్క మాటన్నాడు.

"బరువు నేదు."

అమావాస్య వెళ్లిన మూడో రోజున పడవ కదిలింది. జగ్గారావు తమ్ముడి అల్లుడు కూడా ఎక్కాడు, అవసరమైతే చుక్కాని అందుకోవడానికి. దాలయ్య అతన్ని పల్లెత్తు మాట అనలేదు. దుర్భిణి మెడలో వేసుకుని, ఛాతీ విరుచుకుని వెళ్లాడు.

ఇక్కడ అప్పాయమ్మ సంగతి ఒకటి చెప్పాలి. పెళ్లై కాపరానికి వచ్చిన రోజునే అత్త పోతమ్మ ఆమెకు ఒక కట్టుబాటు పెట్టింది. "పడవ ఏటకెల్తే ఆడది ఒడ్డున నించుని దానికేసి సూడకూడదు. సూపు పడవని ఎనక్కి లాగుద్ది." పోతమ్మ పోయి పదిహేనేళ్లయినా ఆ మాట పోలేదు. దాలయ్యకు కూడా అది ప్రాణం మీది పట్టింపు. అప్పాయమ్మ ఎదురు చెప్పలేదు. చెప్పకుండా ఏం చేసిందంటే, రేవు చివర ఐసు ఫ్యాక్టరీ ఉన్నది కదా, దాని గోడ వెనక నక్కి, గోడ పక్కనుంచి సముద్రం కేసి చూసేది. ఆ గోడ లేని రోజుల్లో తిరగేసిన తెప్పల వెనక. పడవ రేవు నోట్లోకి వచ్చేదాకా చూసి, గబగబా వచ్చి తట్ట ముందు కూర్చుని, ఆకూవక్కా నములుతూ, "ఓలమ్మో, అప్పుడే వొచ్చేసేవా?" అనేది. ముప్పై ఏళ్లుగా అదే మాట. మొగుడు ఎప్పుడొచ్చినా పట్టించుకోని మనిషని రేవులో ఆమెకు పేరు కూడా వచ్చింది.

ఆ రోజు కూడా గోడ వెనకే నిలబడింది. కాళ్లు పీకుతుంటే ఒక కాలు మార్చి ఒక కాలి మీద నిలబడింది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. దూరాన చుక్కలా పడవ కనబడింది. చుక్క పెద్దదైంది. ఆమె కళ్లు చిట్లించి చూసింది పడవను కాదు, పడవ అంచుకూ నీటికీ మధ్య ఉన్న చెక్కను. ఖాళీ పడవైతే రెండు మూరల చెక్క కనబడాలి. మూర కూడా కనబడటం లేదు. పడవ నిండు బరువుతో మునిగి వస్తోంది! అప్పాయమ్మ గోడకు తల ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముఖం తుడుచుకుని, పరుగున వచ్చి తట్ట ముందు కూర్చుంది.

పడవ రేవుకు తగలకముందే పెద్ద కళాసీ పైడయ్య కేకలు మొదలుపెట్టాడు. "జగ్గారావు బావూ! ఏటి సెప్పమంటావు! ఒంటి సేత్తో సుక్కాని, ఒంటి సేత్తో దుర్భిణి! 'ఆపండ్రా' అన్నాడు. గుండు ఏసి సూత్తే లోతు ఏలెడు తేడా నేదు. ఒకే ఒక్క వల బావూ, లాగనేక సచ్చేం!" కోనెం చేపలు పడవలో వెండి కడ్డీల్లా మెరుస్తున్నాయి. తమ్ముడి అల్లుడు వాటి మధ్య నిలబడి దాలయ్యకేసే కళ్లప్పగించి చూస్తున్నాడు. మంచివాడే పాపం, ఎలా చూశావు మావా అని దారంతా అడుగుతూనే ఉన్నాడట.

జగ్గారావు ముఖం చాటంతయింది. "ఏదీ, ఆ దుర్భిణి ఓపాలి నన్నూ సూడనీ," అని చెయ్యి చాపాడు. దాలయ్య మెడలోంచి తీసి ఇచ్చాడు. అప్పాయమ్మ నోట్లో వక్క నోట్లోనే ఉండిపోయింది. ఆ దుర్భిణి దాలయ్య కళ్లకు సర్ది ఉంది కదా! జగ్గారావు కళ్లు మంచివి. యారాడ కొండ వైపు పెట్టి చూసి ముఖం చిట్లించాడు.

"ఏటీ కనపడదేటి దాలయ్యా? అంతా మసక మసక!"

దాలయ్య బీడీ పక్కకు తీసి నవ్వాడు.

"కెప్టెను సూసేది అందరికీ కనపడిపోద్దేటి బావూ?"

రేవు రేవంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా జగ్గారావే నవ్వాడు. "నిజవేరా అబ్బీ," అంటూ దుర్భిణి తిరిగి అతని మెడలో తన చేత్తోనే వేశాడు. అప్పాయమ్మకు ఆ క్షణాన తన మొగుడు ఎంత గొప్పగా కనిపించాడో చెప్పాలంటే మాటలు చాలవు. చూపు తగ్గింది గానీ మనిషి ఒక్క పిసరు తగ్గలేదు.

సందడి కాస్త సద్దుమణిగాక దాలయ్య మంచి కోనెం ఒకటి తెచ్చి ఆమె తట్టలో వేశాడు. ఆమె ఆకు నములుతూ తల కూడా ఎత్తకుండా, "ఓలమ్మో, అప్పుడే వొచ్చేసేవా?" అంది.

దాలయ్య ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"రేవు ఇంకా మైలుందనగా ఒడ్డుకేసి తిప్పి సూసేను. ఐసు గోడెనకాల ఎవులో ఆడమనిషి, పచ్చకోక. కొంగలాగ ఒంటికాలి మీద నించుని పడవకేసి సూత్తంది. నాను సూత్తండగానే గోడకి తలానించి ఏడిసింది."

అప్పాయమ్మ నమలడం ఆపేసింది. తన పచ్చకోక కుచ్చెళ్ల కేసి చూసుకుంది. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"ఎన్నాళ్ల నుంచే?" అన్నాడు.

"కాపరానికొచ్చిన మర్నాటి కాణ్ణుంచి," అంది, తల వంచుకుని. "మీయమ్మ ఒద్దంది. నానుండనేకపోయేను. తిట్టకు మావా."

దాలయ్య తిట్టలేదు. దుర్భిణి తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ తాడు పేనిన చేతులు ఎదురుగా తట్ట అంచు పట్టుకుని ఉన్నాయి.

"నా కళ్ల సంగతి నువ్వెవులికీ సెప్పలేదు," అన్నాడు చివరికి. "నీ గోడ సంగతి నానెవులికీ సెప్పన్లే. అయితే ఓటి. రేపట్నుంచి గోడెనకాల కాదు, గోడ ముందర నించో. ఈ పచ్చకోకే కట్టుకో."

"మీయమ్మ మాటో?"

"మాయమ్మ సెప్పింది నిజవే. ఆడదాని సూపు పడవని లాగుద్ది," అన్నాడు దాలయ్య లేస్తూ. "ఏటకెల్లడానికి నాకు కొండలున్నాయి. ఇంటికి రావడానికీ ఓ గుర్తుండాల గదే."

అప్పాయమ్మ కోనెం మీద తడిగుడ్డ కప్పి, తట్ట నెత్తికెత్తుకుంది.